డైవింగ్ ప్రమాదాలు నేర్పిన పాఠాలు: స్పిట్‌హెడ్ నుంచి విశాఖ దాకా

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున మనిషి ఒంటిమీద బరువు పెరుగుతుంది. గట్టున 1గా ఉన్న పీడనం 10 మీటర్ల దగ్గర 2, 30 మీటర్ల దగ్గర 4 అవుతుంది. డైవింగ్ ప్రమాదాల్లో ఎక్కువభాగానికి మూలం ఈ చిన్న లెక్కే. ఇది శరీరం మీద ఎలా పనిచేస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. నీళ్లలోకి దిగినవాళ్లు కుప్పకూలినప్పుడు ఎంత లోతున, ఎంతసేపు, ఏ స్థితిలో ఉన్నారో ఎవరో ఒకరు రాసిపెట్టడం వల్ల కొద్దికొద్దిగా తెలిసింది. ఇప్పుడు డైవర్లు పాటించే నియమాలు అలా వచ్చినవే. ప్రమాదాన్ని నమోదు చేసిన చోట నియమం పుట్టింది. నమోదు చేయని చోట అదే ప్రమాదం మళ్లీ జరిగింది.

ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు

సముద్రానికి చాలా దూరాన ఉన్న జహీరాబాద్, ఝరాసంగం ప్రాంతంలో నీళ్లంటే బావులు, చెరువులు, గుడి గుండాలు, మంజీర మీది సింగూరు జలాశయం. ఇక్కడ ఎవరైనా నీట మునిగితే పోలీసులూ ఊరివాళ్లూ మొదట కబురు పెట్టేది గజ ఈతగాళ్లకే. చేపల వేట మీద బతికే కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు వీరిలో చాలామంది. సిలిండరు ఉండదు, మాస్కు ఉండదు. గుండెల నిండా గాలి పీల్చుకుని మునగడం, బురద నీటిలో కాళ్లూ చేతులతో తడిమి వెతకడం, ఊపిరి చాలక ముందే తేలడం, ఇంతే పని.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం పైకి కనిపించదు. ఎక్కువసేపు నీటిలో ఉండాలని కొందరు మునగబోయే ముందు గబగబా పదేపదే ఊపిరి తీసి వదులుతారు. దీనివల్ల రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, బొగ్గుపులుసు వాయువు మాత్రం బాగా తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే ఆరాటాన్ని పుట్టించేది ఆ బొగ్గుపులుసు వాయువే. అది తగ్గితే ఆరాటం ఆలస్యంగా వస్తుంది. ఈలోగా ఆక్సిజన్ అడుగంటి మనిషి ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతాడు. పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గడంతో ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ పీడనమూ పడిపోతుంది. అందుకే చాలామంది నీటిమట్టానికి కొద్ది అడుగుల దూరంలోకి వచ్చాక మునిగిపోతారు. ఇలా మునిగి బతికి బయటపడిన ఈతగాళ్ల అనుభవాలను కూర్చి అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్రెయిగ్ 1961లో ఈ కారణాన్ని వివరించాడు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లకు రెండు నియమాలు స్థిరపడ్డాయి. మునిగే ముందు గబగబా ఊపిరి తీయకూడదు. ఒకరు మునిగితే ఒకరు పైనే ఉండి, మునిగినవాడు తేలి మామూలుగా ఊపిరి తీసుకునేదాకా కనిపెట్టుకుని ఉండాలి. బావిలో ఎవరు ఎక్కువసేపు ఉంటారని పందెం వేసుకునే కుర్రవాళ్లకూ ఈ రెండూ వర్తిస్తాయి.

హెల్మెట్, గాలి గొట్టం

పైనుంచి గొట్టం ద్వారా గాలి పంపుతూ మనిషిని గంటల తరబడి నీటి అడుగున పనిచేయించడం 19వ శతాబ్దంలో మొదలైంది. లండన్‌లో అగస్టస్ సీబే తయారుచేసిన రాగి హెల్మెట్, ఒళ్లంతా కప్పే దుస్తులు దీనికి దారి తీశాయి. 1782లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన స్పిట్‌హెడ్ దగ్గర మునిగిన 'రాయల్ జార్జ్' యుద్ధనౌక శిథిలాలను తొలగించే పనిని 1839 నుంచి 1843 దాకా కల్నల్ చార్లెస్ పాస్లీ నడిపించాడు. పనిలో ఏం జరిగిందో ఎప్పటికప్పుడు రాయించడం ఆయన చేసిన మేలు.

ఒక సైనికుడు అడుగున ఉండగా గాలి గొట్టం పగిలింది. హెల్మెట్‌లోని గాలి ఒక్కసారిగా గొట్టంలోకి వెనక్కి పోయింది. చుట్టూ ఉన్న నీటి పీడనం మాత్రం అలాగే ఉండడంతో అతని ఒళ్లు హెల్మెట్ వైపు నొక్కుకుపోయింది. పైకి లాగేసరికి ముఖం, మెడ ఉబ్బి, చెవుల నుంచి, నోటి నుంచి నెత్తురు కారుతోంది. ఇలాంటి గాయానికి వైద్యపరంగా దొరికే తొలి వివరణ ఇదే. గాలిని లోపలికి మాత్రమే వెళ్లనిచ్చి వెనక్కి రానివ్వని కవాటం తర్వాతి హెల్మెట్లలో తప్పనిసరి అయింది. డైవర్లు ఇద్దరిద్దరుగా పనిచేయాలన్న ఆదేశం కూడా నమోదైనంతవరకు మొదట పాస్లీ జట్టులోనే కనిపిస్తుంది. నేటి స్కూబా శిక్షణలో 'బడ్డీ' అనే జతగాడి ఏర్పాటుకు మూలం ఇదే.

పైకి వచ్చాక మొదలయ్యే జబ్బు

అదే కాలంలో మరో వింత బయటపడింది. నదుల్లో వంతెన స్తంభాలు కట్టడానికి కైసన్ అనే పెద్ద పెట్టెను అడుగుకు దింపి, నీళ్లు రాకుండా లోపల గాలిని ఒత్తిడితో నింపేవారు. లోపల ఉన్నంతసేపు కూలీలకు ఏమీ అయ్యేది కాదు. బయటికి వచ్చిన కొద్దిసేపటికి కీళ్లు భరించలేనంత నొప్పి పెట్టేవి, కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు. బాధ లోపల ఉన్నప్పుడు కాక బయటికి వచ్చినప్పుడే మొదలవుతోందని ఫ్రెంచి వైద్యులు పోల్, వాటెల్ 1854లో రాశారు. మళ్లీ ఒత్తిడి గదిలోకి పంపితే నొప్పి తగ్గుతోందనీ గమనించారు. ఆ మాటను వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ నదిపై కట్టిన ఈడ్స్ వంతెన పనిలో 10 మందికి పైగా కూలీలు ఈ జబ్బుతోనే చనిపోయారు. అక్కడి వైద్యుడు జామినే తానే కైసన్‌లోకి దిగి వచ్చి పక్షవాతం పాలై, తర్వాత కోలుకున్నాడు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఇదే జబ్బుతో మంచం పట్టాడు.

కారణాన్ని 1878లో పాల్ బెర్ తేల్చాడు. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరిగిపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, గోళీసోడా కొట్టగానే పొంగినట్టు, బుడగలుగా బయటికి వస్తుంది. ఆ బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. విరుగుడు తిరిగి ఒత్తిడిలో పెట్టడమే. న్యూయార్క్‌లో హడ్సన్ నది కింద సొరంగం తవ్విస్తున్న ఇంజనీరు ఎర్నెస్ట్ మోయిర్ 1890 ప్రాంతంలో పనిచోటే ఒత్తిడి గదిని ఏర్పాటు చేశాడు. అంతకుముందు ఏడాదికి నలుగురిలో ఒకరు చనిపోయే చోట మరణాలు చాలా అరుదయ్యాయని ఆయన లెక్క చూపాడు. నేటి ఆసుపత్రుల్లోని హైపర్‌బారిక్ చాంబర్ దీని వారసురాలు.

చికిత్స దొరికింది గానీ రాకుండా చూసుకునే దారి ఇంకా దొరకలేదు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను ఒత్తిడి గదిలో పెట్టి ప్రయోగాలు చేశాడు. పీడనాన్ని సగానికి తగ్గించినా సాధారణంగా హాని ఉండదని, అంతకంటే ఎక్కువ ఒక్కసారిగా తగ్గితేనే బుడగలు పుడతాయని గ్రహించాడు. కాబట్టి డైవరు ఏకబిగిన పైకి రాకుండా మధ్యలో ఫలానా లోతుల్లో ఫలానా నిమిషాలు ఆగాలి. 1906లో ఆయన సహచరులు డామంట్, కాటో స్కాట్లండ్ తీరంలో 210 అడుగుల లోతుకు దిగి క్షేమంగా తిరిగివచ్చారు. 1908లో ప్రచురించిన ఆ పట్టికలే నేడు డైవర్ల చేతి గడియారంలోని కంప్యూటర్ వేసే లెక్కకు పునాది.

ఊపిరి బిగబడితే

రెండో పెద్ద పాఠం జలాంతర్గాముల నుంచి వచ్చింది. మునిగిన జలాంతర్గామి నుంచి తప్పించుకునే శిక్షణను 1930లో అమెరికా నౌకాదళం నీళ్లు నింపిన ఎత్తైన గోపురంలో మొదలుపెట్టింది. అక్కడ పైకి తేలిన కొందరు శిక్షణార్థులు నీళ్లు మింగకుండానే స్పృహ తప్పారు. 1932లో నౌకాదళ వైద్యులు కారణం రాశారు. 10 మీటర్ల లోతున నిండా పీల్చిన గాలి నీటిమట్టానికి వచ్చేసరికి రెండింతలవుతుంది. నోరు మూసుకుని పైకి వస్తే ఆ గాలి ఊపిరితిత్తులను చీల్చుకుని రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. స్కూబా నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పే నియమం ఇందుకే 'ఊపిరి ఎప్పుడూ బిగబట్టవద్దు'. ఈ గాయానికి పెద్ద లోతు అక్కరలేదు. మూడు నాలుగు మీటర్ల ఈతకొలనులో కూడా జరగవచ్చు. ఊపిరి బిగబట్టడమే ఆయుధంగా పెరిగిన మంచి ఈతగాళ్లకు సిలిండరుతో దిగేటప్పుడు ఆ అలవాటు మార్చుకోవడమే కష్టం.

అక్వాలంగ్ రోజులు

1943లో జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ తయారుచేసిన అక్వాలంగ్ డైవర్‌ను గొట్టం నుంచి విడిపించింది. పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతుకు తగిన ఒత్తిడితో గాలి అందించే రెగ్యులేటర్ దాని గుండె. స్వేచ్ఛతోపాటు కొత్త ప్రమాదాలూ వచ్చాయి. 1946 ఆగస్టులో కూస్తో, ఫ్రెడరిక్ డ్యుమా దక్షిణ ఫ్రాన్స్‌లోని వాక్లూజ్ ఊటబావి అడుగు చూడాలని తాడు పట్టుకుని గుహలోకి దిగారు. లోతుకు వెళ్లేకొద్దీ ఇద్దరికీ బుద్ధి మందగించింది, అవయవాలు మాట వినలేదు. పైనున్నవాళ్లకు ఇచ్చే సంకేతాలు తారుమారయ్యాయి. ఎలాగో ఒకరినొకరు లాక్కుంటూ బయటపడ్డారు. తర్వాత సిలిండర్లలో మిగిలిన గాలిని పరీక్షిస్తే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంది. కొత్తగా కొన్న కంప్రెసర్ తన ఇంజను వదిలిన పొగనే మళ్లీ పీల్చుకుని సిలిండర్లలో నింపింది. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టాన్ని పొగకు దూరంగా, గాలివాటు చూసి పెట్టాలన్న నియమం ఇలాంటి ఘటనల వల్లే స్థిరపడింది. సిలిండరు గాలికి వాసన వస్తే ఆ సిలిండరు పక్కన పెట్టాలి. వాసన లేనంత మాత్రాన గాలి మంచిదని చెప్పలేం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మరుసటి ఏడాది అదే బృందంలోని మోరిస్ ఫార్గ్ సుమారు 120 మీటర్ల లోతుకు దిగి ప్రాణం కోల్పోయాడు. ఒత్తిడిలో నత్రజని మత్తుమందులా పనిచేస్తుందని ఆల్బర్ట్ బెంకే 1935లోనే చెప్పాడు. ఫార్గ్ మరణం ఆ మత్తు ఎక్కడిదాకా తీసుకుపోతుందో చూపింది. వినోదం కోసం దిగేవాళ్లకు 40 మీటర్లు హద్దుగా నిలవడానికి ఈ మత్తు ఒక ముఖ్య కారణం.

లెక్కపెట్టడం మొదలైంది

ఒక్కొక్క ప్రమాదాన్ని విడిగా చూస్తే దురదృష్టం అనిపిస్తుంది. వందలాదిగా కూర్చి చూస్తే ఒకే పొరపాటు పదేపదే కనిపిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా నీటి గుహల్లో 1960, 70 దశకాల్లో మరణాలు వరసగా జరిగాయి. గణితం బోధించే షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవరు ఆ ప్రమాద వివరాలను విప్పిచూసి 1979లో చిన్న పుస్తకం రాశాడు. బయటి ద్వారం దాకా తెగని తాడు లేకపోవడం, తిరుగుదారికి గాలి మిగుల్చుకోకపోవడం, మితిమీరిన లోతుకు పోవడం, మరణాల వెనక ప్రధానంగా కనిపించినవి ఈ మూడే. గాలిలో మూడోవంతు లోపలికి వెళ్లడానికి, మూడోవంతు తిరిగి రావడానికి, మిగిలిన మూడోవంతు తనకో జతగాడికో ఆపద వస్తే వాడడానికి అన్న లెక్క గుహ డైవర్లకు సూత్రమైంది. ఎక్స్‌లీ 1994లో మెక్సికోలోని సకటోన్ మడుగులో రికార్డు లోతుకు వెళుతూ చనిపోయాడు. నియమాలు రాసినవాడికైనా లోతు మినహాయింపు ఇవ్వలేదు.

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ బెనెట్ చొరవతో మొదలైంది. ఆ సంస్థ పరిశోధకులు 1992-2003 మధ్య జరిగిన 947 వినోద డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ప్రమాదానికి నాంది ఏమిటో తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. 20 శాతం వలల్లో, తీగల్లో, ఇరుకుల్లో చిక్కుకోవడంతో, 15 శాతం పరికరాల ఇబ్బందితో మొదలయ్యాయి. ఆ తర్వాత మనిషిని దెబ్బతీసిన ఘట్టంగా ఎక్కువగా కనిపించింది కంగారుగా పైకి దూసుకురావడమే, అది 55 శాతం. గుండె జబ్బు ప్రాణాంతకమైన కేసులు నాలుగోవంతు దాకా ఉన్నాయి. సొరచేపల వంటి భయాలకు ఈ జాబితాలో పెద్ద చోటు లేదు. మీటరు చూసుకుని, గాలి ఉండగానే నెమ్మదిగా తిరిగివస్తే తప్పిపోయే ప్రమాదాలే ఎక్కువ.

విశాఖ తీరం

తెలుగు తీరంలో లోతైన నీటి పని నౌకాదళంతో ముడిపడి పెరిగింది. 1971 డిసెంబరు 3-4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి 'గాజీ' విశాఖ రేవు సమీపంలో మునిగింది. మత్స్యకారులకు దొరికిన శకలాల ఆధారంగా నౌకాదళ డైవర్లు శిథిలాన్ని చేరి గుర్తించారు. చీలిన ఇనుము, లోపల ఉండగల టార్పెడోలు, మందుపాతరలు, ఏమీ కనిపించని నీరు, శిథిల డైవింగ్‌లోని కష్టాలన్నీ అక్కడ ఉన్నాయి. ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన 'నిస్తార్' అనే జలాంతర్గామి రక్షణ నౌక 1989 దాకా సేవలందించింది. అదే పేరుతో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్ నిర్మించిన కొత్త నౌక 2025 జులై 18న విశాఖలో నౌకాదళంలో చేరింది. 118 మీటర్ల పొడవున్న ఈ నౌక నుంచి 300 మీటర్ల లోతు దాకా శాచురేషన్ డైవింగ్ చేయవచ్చు.

శాచురేషన్ డైవింగ్‌లో డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి గదిలోనే తిని, పడుకుని, గంట ఆకారపు పెట్టెలో పనిచోటుకు దిగివస్తారు. శరీరంలో వాయువు పూర్తిగా నిండాక ఇంకెంతసేపు ఉన్నా తిరిగివచ్చే సమయం పెరగదు గనుక పని అంతా ముగిశాక ఒకేసారి నెమ్మదిగా ఒత్తిడి తగ్గిస్తారు. దీని భయంకర పాఠం 1983 నవంబరు 5న ఉత్తర సముద్రంలోని బైఫర్డ్ డాల్ఫిన్ రిగ్గు మీద నేర్చుకున్నది. గది తలుపు మూయకముందే గంటను పట్టి ఉంచిన బిగింపు ఊడింది. 9 వాతావరణాల ఒత్తిడి క్షణంలో పోయి ఐదుగురు చనిపోయారు. లోపల ఒత్తిడి ఉండగా బిగింపు తెరుచుకోకుండా అడ్డుకునే తాళాలు ఆ తర్వాత తప్పనిసరి అయ్యాయి. జలాంతర్గామి సిబ్బంది నీటిలో నుంచి తప్పించుకునే విద్యను నేర్చుకోవడానికి విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలో 'వినేత్ర' శిక్షణ కేంద్రం 2024 సెప్టెంబరులో మొదలైంది.

దిగకూడని నీళ్లు

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు మందం దగ్గర 'రాయల్ వశిష్ట' పర్యాటక బోటు గోదావరిలో మునిగింది. 26 మంది బయటపడ్డారు, దాదాపు 50 మంది ప్రాణాలు పోయాయి. నదిలో అప్పటికి 5 లక్షల క్యూసెక్కుల స్థాయి వరద, సుడులు, బురద నీరు. బోటు 200 అడుగులకు పైగా లోతున ఉందని అంచనా వేశారు. ఎందరు దిగినా లాభం లేకపోవడానికి లెక్క ఇది. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ ఒత్తిడితో 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి గట్టున అది 2 గంటలు వస్తుంది. 60 మీటర్ల లోతున పీడనం 7 రెట్లు గనుక 17 నిమిషాలు మాత్రమే వస్తుంది. దిగడం, వెతకడం, మధ్యమధ్య ఆగుతూ పైకి రావడం అన్నీ అందులోనే. దానికి నత్రజని మత్తు, ప్రవాహపు లాగుడు తోడవుతాయి.

కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం మొదట గట్టు మీద నుంచే పని నడిపింది. లంగర్లు, ఇనుప రోపులు, పంటు, పొక్లెయిన్లతో బోటును తగిలించి ఒడ్డు వైపు లాగింది. రోపులు తెగాయి, వరద పెరగడంతో పని ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు. బోటు తక్కువ లోతుకు వచ్చాక విశాఖ నుంచి వచ్చిన డైవర్లు దిగి రోపులు బిగించడంలో సాయపడ్డారు. అక్టోబరు 22న బోటు గట్టెక్కింది. ప్రాణాలతో ఎవరూ మిగలని చోట ప్రవాహం తగ్గేదాకా ఆగడం, మనుషులకు బదులు రోపులను దింపడం కూడా డైవింగ్ భద్రతలో భాగమే.

నేటి నియమాలు

రుషికొండ వంటి చోట్ల ఇప్పుడు పర్యాటకులు కూడా స్కూబా చేస్తున్నారు. పై చరిత్ర అంతా వాళ్లకు కొన్ని సూత్రాలుగా అందుతుంది. దిగేముందు గుండె, ఊపిరితిత్తులు, చెవుల జబ్బుల గురించి అడిగే కాగితాన్ని నిజాయితీగా నింపాలి. జలుబు ఉంటే దిగకూడదు, చెవిలో ఒత్తిడి సరికాదు. దిగుతున్నప్పుడు చెవి నొప్పి పెడితే ఆగి కొద్దిగా పైకి రావాలి. ఊపిరి ఆపకూడదు. జతగాడిని చూపు నుంచి వదలకూడదు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆపద వస్తే నడుముకున్న బరువుల బెల్టును వదిలేయాలి.

తిరుగు ప్రయాణానికీ నియమం ఉంది. ఎత్తుకు వెళ్లడం అంటే పీడనం ఇంకా తగ్గడమే. 2,000 నుంచి 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన పీడనంలో విమాన ప్రయాణం చేయాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, పలు డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. విశాఖలో పొద్దున సముద్రంలో దిగి, మధ్యాహ్నానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు బయలుదేరే యాత్రికుడు విమానం ఎక్కకుండానే ఆ పరిధిలోకి వస్తాడు. అరకు ముందు, సముద్రం తర్వాత అని యాత్రను తిప్పుకుంటే చాలు. దక్కన్ పీఠభూమి మీద 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న జహీరాబాద్ వైపు తిరిగి వచ్చేవాళ్లు కూడా ఈ గంటలు లెక్కలో పెట్టుకోవాలి.

ఇన్ని నియమాలనూ నిలబెట్టేది నమోదే. బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ దశాబ్దాలుగా మరణాలనే కాక, త్రుటిలో తప్పిన ప్రమాదాలనూ పేర్లు తీసేసి ఏటా ప్రచురిస్తోంది. లోతు, సమయం, సిలిండరులో మిగిలిన గాలి, జతగాడు ఎంత దూరంలో ఉన్నాడు, బరువుల బెల్టు వదిలాడా, ఏ క్షణంలో తేడా మొదలైంది అన్నవే అందులోని ప్రశ్నలు. ఎవరిది తప్పు అన్నది అందులో ముఖ్యం కాదు. చెరువులో దిగే గజ ఈతగాడి అనుభవమైనా, నౌకాదళ డైవరు అనుభవమైనా ఈ ప్రశ్నలకు జవాబుగా కాగితం మీదికి ఎక్కితేనే తర్వాత దిగేవాడికి పనికొస్తుంది.